డోర్కస్ అత్త అడుగు సొరుగు

హోల్డెన్‌షా ఊళ్లో శవాల బండి వచ్చినా జనం అంతగా బయటికి వచ్చేవారు కాదు గాని, నల్లుల బండి వచ్చిందంటే మాత్రం ప్రతి గుమ్మంలోనూ ఓ మనిషి నిలబడాల్సిందే. బండి మీద మున్సిపాలిటీవాళ్లు ఏమీ రాయించలేదు. సామాన్లు మోసే పాత వ్యానుకి ముదురాకుపచ్చ రంగు వేయించి, పేదవాళ్ల పరువు కాపాడామని తమ భుజాలు తామే చరుచుకున్నారు. ఆ రంగు వ్యాను ఊరు మొత్తానికి ఒక్కటే ఉందన్న సంగతి వాళ్లకు తట్టలేదు. అది వీధి మలుపు తిరిగిందో లేదో పిల్లలు వెంటపడి "నల్లుల బండొచ్చింది! ఎవరింటికో ఎవరింటికో!" అని గోల చేసేవారు.

బండి నడిపేవాడు నార్మన్. లోపల గ్యాసు వదిలేవాడు హెడ్లీ బూత్. యుద్ధం ముగిసి మూడేళ్లయింది. టాన్‌యార్డ్ వీధిలో గోడలు చెమ్మపట్టి, కప్పులు కుంగిపోయి, మనుషులుండడానికి పనికిరావని తేల్చేశారు. అక్కడివాళ్లకు ఊరి పైన హైమూర్ గుట్ట మీద కొత్త ఇళ్లు కట్టించారు. అయితే ఒక షరతు. పాత ఇంట్లోని కుర్చీ, బల్ల, బీరువా ఏదైనా సరే, వ్యానులో పెట్టి బిగించి విషవాయువు పట్టించనిదే కొత్త గుమ్మం తొక్కడానికి వీల్లేదు. నల్లులున్న ఇల్లయినా, లేని ఇల్లయినా ఒకటే రూలు.

చేదు బాదం వాసనొచ్చే ఆ గ్యాసు నల్లుల్ని చంపుతుంది, గుడ్లనూ చంపుతుంది. మనిషి పీలిస్తే మనిషినీ చంపుతుంది. కర్రకి పట్టిన గ్యాసు గాలి తగిలితే పోతుంది. ఈకలు, ఉన్ని, దూది అలా కాదు, మింగి కూర్చుంటాయి. వెచ్చటి గదిలో పెట్టగానే మెల్లగా వదులుతాయి. అందుకే పరుపులు, దిండ్లు, బొంతలు ఈ వ్యాను ఎక్కకూడదు, వాటిని వేరే బండిలో డిపోకి తీసుకెళ్లి ఆవిరి పట్టించాలి. ఈ మాట హెడ్లీ ప్రతి గుమ్మంలోనూ చెప్పేవాడు. వినేవాళ్లు విసుక్కున్నా చెప్పేవాడు. తన చేతుల మీదుగా ఇన్ని ఇళ్లు మారినా ఎవరికీ తలనొప్పి కూడా రాలేదన్న గర్వం అతనికుంది. ఉండాల్సిన గర్వమే అది.

ఆ నవంబరు పొద్దున గ్రీన్‌హాల్ వాళ్లిల్లు ఖాళీ చేయించాలి. హెడ్లీ కాళ్లు కొంచెం వెనక్కి లాగాయి. టాన్‌యార్డ్ వీధి అతను పుట్టి పెరిగిన వీధి. గ్రీన్‌హాల్ ముసలావిడ డోర్కస్‌ని అతను పుట్టినప్పటి నుంచీ అత్తా అనే పిలిచాడు. ఆ వీధిలో ఎవరు పుట్టినా మొదట ఎత్తుకున్నదీ, ఎవరు పోయినా కడిగి, దువ్వి, తెల్లబట్టలు కట్టి సాగనంపిందీ ఆవిడే. హెడ్లీ తల్లిని కడిగింది కూడా ఆ చేతులే.

డోర్కస్ టోపీ పెట్టుకుని, కోటు తొడుక్కుని, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"వచ్చావా నాయనా, రా. చిన్నప్పుడు నీ తలలో పేలు చూసింది నేను. ఇవాళ నా ఇంట్లో నల్లులు చూడ్డానికి నువ్వొచ్చావు. రుణం తీరిపోయింది."

"నీ ఇంట్లో నల్లులున్నాయని ఎవరన్నారత్తా? రూలు అందరికీ ఒకటే. పాస్టరుగారు ఇల్లు మారినా ఇదే బండి."

"పాస్టరుగారు ఈ వీధిలో ఉండి ఏడిస్తే కదా!" అందావిడ. "తెల్లారగానే మీవాళ్లొచ్చి నా పరుపులు టాపు లేని బండిలో వేసుకుని పోయారు. వీధి వీధంతా చూస్తుండగా ఊరేగించారు. నలభై ఏళ్లుగా ప్రతి శనివారం మంచం కోళ్లు కిరసనాయిలుతో తుడిచినదాన్ని రా నేను!"

లోపలి నుంచి కోడలు ఎల్సీ నవ్వుతూ వచ్చింది. మిల్లులో మగ్గాల మీద పనిచేసే మనిషి, గొంతు పెద్దది. "ఆవిడ మాటలు పట్టించుకోకండి బూత్ గారూ. నిన్నట్నుంచి నా మీద అయిపోయింది, ఇప్పుడు మీ వంతు. నాకు మాత్రం ఆ కుళాయి తిప్పితే వేడినీళ్లొస్తాయట, అదొక్కటి కళ్లారా చూస్తే చాలు."

ఆమె కొంగు చాటున నిలబడ్డట్టు గౌను పట్టుకుని నిలబడింది మేవిస్. ఎల్సీ కూతురు, అయిదేళ్ల పిల్ల. వెన్నలాంటి తెల్లటి మొహం, కళ్ల కింద నీలం. ఈ ఇల్లు వచ్చిందే ఆ పిల్ల దగ్గు వల్ల. ఇంకో చలికాలం ఈ చెమ్మ గోడల మధ్య గడిపితే పిల్ల దక్కదని డాక్టరు గట్టిగా చెబితే, మున్సిపాలిటీ వరసలో వాళ్లని ముందుకు జరిపింది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

"నల్లులు చచ్చిపోయేటప్పుడు ఏడుస్తాయా?" అని అడిగింది మేవిస్.

"నాకెప్పుడూ వినబడలేదమ్మా" అన్నాడు హెడ్లీ.

"నువ్వు బయటుంటావు కదా, ఎలా వినబడుతుంది?"

నార్మన్ పగలబడి నవ్వాడు. "ఇన్‌స్పెక్టరుగారు కూడా నిన్ను ఇలా నిలదియ్యలేదురా హెడ్లీ!"

సామాన్లు ఒక్కొక్కటే వ్యానెక్కాయి. చివరికి మేడ మీద డోర్కస్ గదిలో సొరుగుల బీరువా మిగిలింది. పై సొరుగులన్నీ ఖాళీ చేసి ఉంచారు. హెడ్లీ అడుగు సొరుగు మీద చెయ్యి వేశాడు. అతని చేతి మీద డోర్కస్ చెయ్యి వేసింది.

అడుగు సొరుగంటే ఏమిటో ఆ వీధిలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కొంత వయసు దాటిన ప్రతి ఆడమనిషీ తన చివరి బట్టలు అందులో దాచుకుంటుంది. తెల్ల గౌను, తెల్ల మేజోళ్లు, ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటి, దవడ కట్టడానికి రుమాలు, కళ్ల మీద పెట్టడానికి రెండు రాగి నాణేలు. ఆ మనిషి బతికుండగా దాన్ని కన్నకూతురు కూడా తెరవదు. ఇక మగవాడు అందులోకి చూడడమంటే ఆ మనిషిని నగ్నంగా చూసినట్టే.

"ఇందులో ఏముందత్తా?" అన్నాడు హెడ్లీ చెయ్యి తీసేస్తూ.

"ఏముంటుందో నీకు తెలీదూ? మీ అమ్మ సొరుగు తీసిందెవరు?"

"అడగడం నా డ్యూటీ. దిండ్లు, బొంతలు లాంటివి లేవు కదా?"

"చచ్చేదానికి బొంతెందుకురా, చలేస్తుందా?" అని కసిరిందావిడ. "గౌను, మేజోళ్లు, దుప్పటి. తెరిచి చూస్తావా? చూడు మరి. మీ మున్సిపాలిటీ అది కూడా చూడమందా?"

హెడ్లీ మొహం కందగడ్డయింది. నలభై అయిదేళ్లు దాటిన మనిషి చిన్నపిల్లాడిలా తల దించుకుని, "వద్దులే అత్తా" అన్నాడు. గుడ్డ ఏదైనా సరే బయటికి తీసి చూపించాలన్నది రూలు. ఇంకెవరి ఇంట్లోనైనా ఆ రూలు చదివి వినిపించి, తీయించి ఉండేవాడు.

డిపో పెరట్లో వ్యాను తలుపులు బిగించే ముందు సొరుగులన్నీ బయటికి లాగి పెట్టాలి. హెడ్లీ వరసగా లాగుతూ వచ్చి అడుగు సొరుగు దగ్గర ఆగాడు. మొహం పక్కకు తిప్పుకుని బెత్తెడు లాగాడు. తెల్ల దుప్పటి అంచు కనిపించింది. అంతకుమించి చూడలేదు.

"పూర్తిగా లాగవేం?" అన్నాడు నార్మన్.

"చాల్లే. రెండు నూలు బట్టలే."

గ్యాసు దూరడానికి సరిపడా తెరిచాడు. పోవడానికి సరిపడా తెరవలేదు. ఇంత చిన్న సంగతి అన్నేళ్ల అనుభవమున్నవాడికి తెలియక కాదు. ముసలావిడ మర్యాద ముందు తన తెలివిని కాస్త పక్కన పెట్టాడు, అంతే.

మధ్యాహ్నం తలుపులు తీసి, పంకా వేసి, చాలాసేపు ఆరబెట్టాక మాస్కు తగిలించుకుని లోపలికెళ్లాడు. గ్యాసు తగిలితే నీలంగా మారే కాగితం ముక్కలు అతని దగ్గరుంటాయి. బల్లల కిందా, కుర్చీల మడతల్లోనూ పెట్టి చూశాడు. తెల్లగానే ఉన్నాయి. అడుగు సొరుగు నోటి దగ్గర కూడా పెట్టి చూశాడు. అదీ తెల్లగానే ఉంది. మోకాలితో సొరుగుని లోపలికి నెట్టాడు. అది మెత్తగా వెనక్కి నెట్టింది. ఇంకాస్త గట్టిగా నెట్టి మూసేశాడు.

హైమూర్ గుట్ట మీద కొత్త ఇల్లు ఇంకా సున్నం వాసన వేస్తోంది. ముందు బురద, వెనక బురద. ఎల్సీ మాత్రం రాజభవనంలో అడుగు పెట్టినట్టే తిరుగుతోంది. కుళాయి తిప్పుతుంది, కట్టేస్తుంది, మళ్లీ తిప్పుతుంది. డోర్కస్ స్నానాల తొట్టి చుట్టూ ఓసారి తిరిగి, "ఇందులో మనుషుల్ని కడుగుతారా, గొర్రెల్ని కడుగుతారా?" అంది. మేవిస్ మెట్లెక్కుతూ దిగుతూ ఉంది. తనకంటూ ఒక గది ఉందంటే ఆ పిల్ల నమ్మడం లేదు.

"పడుకునేదాకా కిటికీలన్నీ తెరిచి ఉంచండి" అని హెడ్లీ గట్టిగా చెప్పాడు. "చలైనా సరే."

"నవంబరులోనా? పిల్ల రొమ్ము ఏమైపోవాలి?" అంది డోర్కస్.

"ఈ ఒక్క సాయంత్రమేనత్తా. నా మాట విను."

"వింటానులేరా. పొద్దున్నుంచీ నీ మాటే కదా వింటున్నాను."

డిపోకి తిరిగొచ్చి హెడ్లీ సబ్బుతో చేతులు రుద్దుకుంటుంటే బయట చీకటి పడుతోంది. నార్మన్ టీ కప్పు పట్టుకుని గోడకానుకున్నాడు.

"ఆవిరి గదిలో ఆ పాడు బాయిలరు మళ్లీ మొరాయించిందట. పరుపులు సరిగ్గా ఆరలేదు. తడి గుడ్డల్లా ఉన్నవాటినే తీసుకెళ్లి ఇచ్చొచ్చారు. మీ అత్త ఆ కుర్రాళ్లని తిట్టిన తిట్లకి గుట్ట కింద దాకా చెవులు మూసుకున్నారట!"

హెడ్లీ నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. సబ్బు చేతిలోంచి జారి తొట్టిలో పడింది.

పరుపులు తడి. దిండ్లు తడి. దగ్గే పిల్ల. ఆ ఇంట్లో పొడిగా ఉన్న గుడ్డ ఎక్కడుంది? అతని మోకాలికి ఆ సొరుగు గుర్తొచ్చింది. గౌను వెనక్కి నెట్టదు. మేజోళ్లు వెనక్కి నెట్టవు. అలా మెత్తగా నెట్టేవి ఈకలే.

"బండి తియ్యి" అన్నాడు.

"ఇప్పుడా? ఎక్కడికి?"

"బండి తియ్యరా నార్మన్!"

గుట్ట ఎక్కుతున్నంతసేపూ హెడ్లీ కిటికీలు తెరిచే ఉంటాయి, తెరిచే ఉంటాయి అని మనసులో అనుకుంటూనే ఉన్నాడు. కొత్త కాలనీలో కూడా పిల్లలు వెనకబడ్డారు. "నల్లుల బండి! నల్లుల బండి మళ్లీ వచ్చింది!" గ్రీన్‌హాల్ వాళ్లింట్లో అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి. లోపల నిప్పుగూడు ధగధగలాడుతోంది.

తలుపు తీసింది ఎల్సీ. జుట్టు తడిగా ఉంది, మొహం వెలిగిపోతోంది. "బూత్ గారూ! ఏదైనా మర్చిపోయారా? వేడినీళ్లొచ్చాయండీ, నిజంగానే..."

"మేవిస్ ఏది?"

"నిద్రపోయింది. మెట్లెక్కీ దిగీ అలిసిపోయింది. మీవాళ్లు పరుపులు తడిపి పంపారు కదా, ఆవిడ చేసిన గొడవ... చివరికి అడుగు సొరుగులోంచి తన దిండు, బొంత, దుప్పటి తీసి పిల్లకి వేసింది. చూశారా, నేను కోడలినయ్యాక ఒక్కసారి కూడా చూపించని సొరుగు! దిండు బాదం కేకు వాసనొస్తోందని పిల్ల ఎంత మురిసిపోయిందో..."

హెడ్లీ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

గది తలుపు మూసి ఉంది. తెరవగానే ఆ చేదు బాదం వాసన మొహాన కొట్టింది. ఊపిరి బిగబట్టి కిటికీ అద్దం మోచేత్తో పగలగొట్టాడు. మేవిస్ బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి, ఆ గ్యాసు పీల్చినవాళ్లకు వచ్చే రంగు. ఆ పిల్ల బతికున్నన్నాళ్లూ ఎవరూ అంత రంగు చూడలేదు. ఎత్తుకుని కిందికి పరుగెత్తాడు. ఇంటి ముందు బురదలో కోటు పరిచి, బోర్లా పడుకోబెట్టి, ఊపిరి ఆడించాలని వీపు మీద నొక్కుతూ వదులుతూ, నొక్కుతూ వదులుతూ కూర్చున్నాడు. నార్మన్ డాక్టరు కోసం వ్యానుని ఉరికించాడు. ఎల్సీ కేకలు గుట్టంతా వినబడ్డాయి. డాక్టరు వచ్చి హెడ్లీ భుజం మీద చెయ్యి వేసేదాకా అతను నొక్కుతూనే ఉన్నాడు. వేశాక కూడా కొంతసేపు నొక్కాడు.

డోర్కస్ గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దున పాత గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది గాని, చేతులు కట్టుకోలేదు, వేలాడుతున్నాయి.

"తడి పక్క మీద పడుకోబెట్టమంటావా?" అందావిడ. ఎవరినడుగుతోందో తెలియదు. "ఆ దగ్గుతో, తడి పక్క మీద ఎలా పడుకోబెడతాను? నువ్వే చెప్పరా."

హెడ్లీ కోటు అంచు లాగి మేవిస్ మొహం కప్పాడు.

తర్వాత తెలిసింది. ఆ దిండు ఆవిడ భర్త తల కింద ఉన్న దిండు. అతను పోయిన రోజు నుంచీ, తన తల కూడా శవపెట్టెలో దాని మీదే ఉండాలని దాచుకుంది. ఆవిరి పడితే ఈకలు ముద్దకట్టి కుళ్లు వాసనేస్తాయని ఎవరో చెప్పారు. అందుకే దాన్ని, పెళ్లినాటి బొంతనీ దుప్పటి కింద కుక్కి, తెరవమని ఎవడూ అనలేని ఒకే ఒక్క చోట పెట్టింది. ఆవిడ లెక్క తప్పలేదు. ఎవడూ అనలేదు.

విచారణలో హెడ్లీ లేచి "నేను తెరవలేదండీ" అన్నాడు. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. హెడ్లీ అడిగాడు, డోర్కస్ లేదంది, కాబట్టి మున్సిపాలిటీ తప్పేమీ లేదని తేల్చారు. దురదృష్టం అన్నారు. ఆ మాటే రాసి ఫైలు మూసేశారు.

పిల్ల శవాన్ని ఇంటికి తీసుకొచ్చే రోజు ఖాయమైంది. ఆ ముందురోజు డోర్కస్ కబురు పెట్టింది. హెడ్లీ బండి లేకుండా నడిచి వెళ్లాడు. మేవిస్ తండ్రి క్లిఫర్డ్ వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎల్సీ పుట్టింటికి వెళ్లిపోయింది. అత్తగారితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిందట.

డోర్కస్ అతన్ని మేడ మీదికి తీసుకెళ్లి బీరువా చూపించింది.

"తెరువు" అంది.

"అత్తా..."

"తెరవరా. ఇంకేం మిగిలిందని సిగ్గుపడాలి?"

సొరుగు మొత్తం లాగాడు. గౌను, మేజోళ్లు, రుమాలు, రెండు నాణేలు. దిండూ బొంతా దుప్పటీ పోలీసులు పట్టుకుపోయారు.

"దానికి వీటినే వేస్తాను" అంది డోర్కస్. "ఇంట్లో తెల్లబట్టలు ఇవే ఉన్నాయి. ముందు వీటిలోది పోగొట్టు. పిల్ల ఒంటి మీద ఆ వాసన ఉండకూడదు."

హెడ్లీ గౌను, మేజోళ్లు పెరట్లో కొత్త తీగ మీద ఆరేశాడు. గుట్ట మీద గాలి జోరుగా ఉంది. చుట్టూ ఇళ్లలో ఉన్నదంతా టాన్‌యార్డ్ వీధివాళ్లే. ఆ బట్టలేమిటో వాళ్లకు ఒక్క చూపులో అర్థమైంది. వీధి వీధంతా నల్లుల బండి కోసం గుమ్మాల్లో నిలబడిన మనుషులు ఆ రోజు లోపలికెళ్లి పరదాలు వేసుకున్నారు. హెడ్లీ ఆ తీగ కిందే సాయంత్రం దాకా నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్క గుడ్డనీ మడిచి పట్టుకుని, మడతల్లో కాగితం పెట్టి చూశాడు. మేజోళ్ల బొటనవేళ్ల దాకా చెయ్యి దూర్చి చూశాడు. అతని జీవితంలో ఏ సామానునీ అంత శ్రద్ధగా చూసి ఉండడు.

బట్టలూ, కాగితాలూ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "తెల్లగానే ఉన్నాయత్తా. పరవాలేదు."

"అంతా చూశావా?"

"చూశాను."

ఆవిడ కత్తెర తీసుకుని గౌను అడుగు భాగం కత్తిరించడం మొదలుపెట్టింది. సగం పైగా పోయింది. మేజోడు ఒకటి చేత్తో పట్టుకుని పిల్ల కాలు ఎంతుంటుందో గాలిలో కొలిచి చూసుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది ఆవిడకి. వీధిలో అంతమందిని సాగనంపినప్పుడు ఒక్కసారి కూడా ఏడవని మనిషి.

"ఒక్క తిట్టు తిట్టి లాగెయ్యాల్సింది రా" అంది. "ముసలి ముండా తప్పుకో అని, నా చెయ్యి విదిలించేసి లాగెయ్యాల్సింది. నేనూ తిట్టేదాన్ని. చచ్చేదాకా నీతో మాట్లాడేదాన్ని కాదు. అంతే కదరా అయ్యేది?"

"అంతేనత్తా" అన్నాడు హెడ్లీ.

వెళ్లే ముందు, తెరిచి ఉన్న సొరుగు ఆవిడ కాళ్లకు అడ్డం పడుతుందని వంగి మోకాలు ఆనించాడు. ఈసారి అది వెనక్కి నెట్టలేదు. ఆనించగానే లోపలికి పోయింది.